మా అన్న ఫస్టు నిలబడిన ఏడాది

మస్తాన్ తాత నలభయ్యో దినం నాడు మీరు ఫోన్లో అంతా చూశారు గదా రేష్మా. మీ అమ్మ ఫోను అటూ ఇటూ తిప్పి మాచర్లలో ఆ ఇంటి ముందు వేసిన షామియానా, కుర్చీలు, వంట డేగిసాలు, అన్నీ చూపిచ్చింది. నేను గోడవారన కూర్చున్నా. ఫోను నా మొహం మీదకి రాగానే నువ్వు బెంగుళూరులో మీ ఇంట్లో కూర్చుని ఠక్కున అడిగావు. "అమ్మమ్మా, అందరూ ఏడుస్తున్నారు, నువ్వేంది ఏడవట్లా? నీ సొంత అన్న గదా?" సమీరుగాడు నీ పక్కనుంచి తల దూర్చి, "తాత స్కూల్ ఫస్టంట గదా అమ్మమ్మా, ఫ్లెక్సీ మీద ఉంది" అన్నాడు. ఉంది నాన్నా. మా అన్న కొడుకు వేయించాడు, గేటుకి కట్టాడు. అన్న పాస్‌పోర్టు ఫొటోని మనిషెత్తు చేసి, కింద పేరు, పేరు కింద 'స్కూల్ ఫస్ట్' అని. మనిషి పోయినా అది పోలా. నేను నీకు అవునని గానీ కాదని గానీ చెప్పకుండా, ఎండ కళ్ళల్లో పడతందని ఫోను మీ అమ్మకిచ్చేశా. ఇంటికొచ్చినకాడ్నించి నీ మాటే చెవిలో తిరుగుతంది. చిన్నపిల్లవి అడిగితే చెప్పకుండా దాటేశానని మనసులో పొడుస్తంది. ఫోన్లో ఈ మాటలు నేను చెప్పలేను. నా గొంతు చిన్నది, మీకు సగం వినపడదు, మిగతా సగం మీ అమ్మ అడ్డం పడిద్ది. అందుకని నోటుబుక్కు తెప్పిచ్చుకుని మాట్లాడినట్టే రాస్తన్నా. ఏడో తరగతి చదువు నాది, తప్పులుంటే దిద్దుకోండి.

మాది రాజుపాలెం పక్కన పల్లె. దూదేకులోళ్ళం. మా నాయన పొద్దు పొడవకముందే దూదేకే విల్లు భుజాన తగిలిచ్చుకుని వసారాలో కూర్చునేవాడు, ఇక టంయ్ టంయ్ మని ఆ నారి మోగటమే మాకు కోడికూత. ఊళ్ళోవాళ్ళు పాత పరుపులు, దిండ్లు తెచ్చి పడేస్తే అయ్యి కుట్లిప్పి, గడ్డలు కట్టిన దూది ఏకి, మళ్ళీ నింపి కుట్టియ్యాల. కుట్టు పని మా అమ్మది. పాత పరుపు ఇప్పితే వచ్చే వాసన మీకు తెలవదు. పసిపిల్లల ఉచ్చ, ఆముదం, చెమట, తడిసి ఆరిన గోడ, అన్నీ కలిసిన వాసన. మా జేజి, అంటే నాయన వాళ్ళమ్మ, కళ్ళు సరిగా ఆనకపోయినా ముక్కుతో చెప్పేది, ఇది కరణం గారి పరుపు, ఇది బాలింతరాలి పరుపు అని. ఇల్లంతా దూదే. రెప్పల మీద దూది, పాలగిన్నెలో దూది, మేం తినే జొన్నన్నంలో దూది పోగు. బడికి పోతే నా జడ చూసి "ముసల్దానా" అని ఏడిపిచ్చేవాళ్ళు. తల ఎంత దులుపుకున్నా నెరిసినట్టే ఉండేది.

ఆ ఇంట్లో దేనికైనా వరస ఉండేది. కాగిన నీళ్ళు ముందు నాయన పోసుకోవాల, తర్వాత అన్న, మిగిలిన వాటిలో చన్నీళ్ళు కలిపి మేం. కంచాలు కూడా అంతే. నాయన తిన్నాక అన్న, అన్న తిన్నాక జేజి, ఆ తర్వాత నేను, గోంగూర సత్తు గిన్నెకి అంటుకున్నది జొన్నన్నంతో తుడుచుకుని మా అమ్మ. ఎవరూ ఎవర్నీ కొట్టి తిట్టి పెట్టిన వరస కాదది. మా జేజి నులకమంచం మీద కూర్చుని, పొగాకు కాడ దవడన పెట్టుకుని, కన్ను తిప్పి చూసేది, అంతే. నాయన మెత్తటి మనిషి, దూదితో బతికీ బతికీ దూదిలాగే అయ్యాడని అమ్మ అనేది. ఆ ఇంట్లో తీర్పు అంటే జేజిదే.

మా అన్న నాకంటే రెండేళ్ళు పెద్ద. అయినా ఇద్దరం ఒక తరగతే. వాడు మొద్దు కాదు, అట్టా అనుకోబాకండి. మధ్యలో రెండేళ్ళు బడి మానేసి నాయనతో పాటు ఊళ్ళు తిరిగాడు, క్రోసూరు దాకా పోయేవాళ్ళు విల్లేసుకుని. వాడికి పన్నెండేళ్ళప్పుడే చెయ్యి తిరిగింది. నాయన ఏకితే దూది లేచేది, అన్న ఏకితే నురగలాగా లేచేదని అమ్మ మురిసేది. మా జేజే వాణ్ణి చెవి పట్టుకుని తెచ్చి మళ్ళీ బళ్ళో కూర్చోబెట్టింది. "ఈ విల్లు మీ తాత మోశాడు, మీ నాయన మోస్తన్నాడు, నువ్వు కూడా మోస్తే ఇక మనం ఎప్పుడ్రా కుర్చీలో కూర్చునేది" అని.

మా బడి ఏడు దాకానే. పెద్ద మాస్టారే మాకు ఇంగ్లీషు చెప్పేది. ఆయనకి ఇంగ్లీషంటే పిచ్చి. పరీక్షలయ్యాక మార్కులు తెలుగులో చెప్పేవాడు కాదు. బడి ముందు సున్నంతో మూడు గుండ్రాలు గీయిచ్చి, ఒకటో వాణ్ణి మొదటి దాన్లో, రెండో వాణ్ణి రెండోదాన్లో నిలబెట్టి, ఊళ్ళో పెద్దల ముందర గొంతెత్తి చదివేవాడు, ఫలానావాడు స్టుడ్ ఫస్ట్, ఫలానావాడు స్టుడ్ సెకండ్ అని. మాకది పరుగుపందెంలో గెలిచినట్టు కాదు, సంతలో ఎడ్లని నిలబెట్టినట్టు ఉండేది. ఊరు ఊరంతా ఆ మాట పట్టేసుకుంది. 'మా వాడు స్టుడ్ ఫస్టు' అనేవాళ్ళు చేలో కలుపు తీసే ఆడాళ్ళు గూడా. మీరిప్పుడు 'కేమ్ ఫస్ట్', 'కేమ్ థర్డ్' అంటారు గదా, సమీరు మొన్న ఫోన్లో అన్నాడు. మీ దగ్గర ఫస్టు నడిచొచ్చిద్ది కాబోలు. మా దగ్గర ఎండలో నిలబడాల, ఊరంతా చూసిందాకా.

ఒకరోజు మాస్టారు మా ఆరో తరగతిలో పలకలు కింద పెట్టిచ్చి, ఇంట్లో ఎవరు ముందు ఏం చేస్తారో, ఎవరు తర్వాత చేస్తారో తలా రెండు మాటలు ఇంగ్లీషులో చెప్పమన్నాడు. ఒకడు మా బర్రె ఫస్ట్ డ్రింక్ అన్నాడు, వీపు మీద ఒకటి పడింది. నా వంతొచ్చింది. నేను లేచి, "మై మదర్ గెట్స్ అప్ ఫస్ట్. మై ఫాదర్ ఈట్స్ ఫస్ట్. మై బ్రదర్ ఈట్స్ సెకండ్. మై జేజి ఈట్స్ థర్డ్" అన్నా.

"మరి నువ్వు?" అన్నాడు మాస్టారు.

"ఐ ఈట్ ఫోర్త్ సార్. మై మదర్ ఈట్స్ లాస్ట్."

"శెభాష్! ఒక్క తప్పు లేదు. వినండిరా గాడిదల్లారా, దూదేకుల పిల్ల ఎట్టా చెప్పిందో" అని నా తల మీద చెయ్యి పెట్టాడు. చెయ్యి తీస్తే వేళ్ళకి దూది. క్లాసంతా నవ్వింది. నాకు ఆ రోజు ఆకాశానికెక్కినట్టుంది. చానా ఏళ్ళ తర్వాత తెలిసింది నాకు, ఆయన నా ఇంగ్లీషు చూశాడు గానీ నేను చెప్పిందేందో చూడలా. నేను కూడా చూడలా. నా వెనకాల అన్న లేచి, నన్ను చూసి ఇకిలిచ్చి, "మై సిస్టర్ స్టాండ్స్ ఫస్ట్. ఐ స్టాండ్ సెకండ్" అన్నాడు. వాడికి అందులో చిన్నతనం ఏమీ లేదు. ఇంటికొచ్చి జేజికి కూడా అదే చెప్పాడు గొప్పగా. జేజి నవ్వలా. పొగాకు ఒక దవడ నుంచి ఇంకో దవడకి మార్చుకుంది.

ఆ ఏడు ఆరో తరగతిలో నేనే ఫస్టు నిలబడ్డా. మా ఊళ్ళో మిల్లాయన ఒకాయన ఉండేవాడు, వడ్ల మిల్లు ఆయనది, మంచి మనిషే. ఫస్టు నిలబడ్డవాళ్ళకి ఆయన ఏటా బట్టలు పెట్టేవాడు. పొట్లం విప్పితే ఏముంది అందులో, ఖాకీ నిక్కరు గుడ్డ, తెల్ల చొక్కా గుడ్డ. అప్పటిదాకా ఫస్టు నిలబడ్డది మగపిల్లలే, ఆయన గుమాస్తా అలవాటు కొద్దీ అదే కొనుక్కొచ్చాడు. రెండో వాడికి స్టీలు గ్లాసు. అంతమంది ముందు మార్చమని ఎవరడుగుతారు? ఇంటికి తెస్తే జేజి ఆ గుడ్డ రెండు చేతుల్తో తడిమి చూసి, "దేవుడే చెప్పాడు ఎవరికి ఇయ్యాల్నో" అంది. అన్నకి కుట్టిచ్చారు. వాడు ఏడాది పొడుగునా నా ఫస్టు తొడుక్కుని తిరిగాడు. స్టీలు గ్లాసు మాత్రం, సెకండు నిలబడింది వాడే గనక, అదీ మా ఇంటికే వచ్చింది. దాంట్లో టీ నాయన తాగేవాడు.

ఏడో తరగతికొచ్చాం. ఆ సంవత్సరం మిల్లాయన బడికొచ్చి కుర్చీలో కూర్చుని చెప్పాడు, ఈసారి బట్టలు కాదు, ఫస్టు నిలబడ్డ వాళ్ళని నరసరావుపేట హైస్కూల్లో చేర్పిచ్చి, హాస్టలు, పుస్తకాలు పది అయ్యిందాకా తానే చూసుకుంటానని. మాస్టారు కొంచెం గొంతు సవరించుకుని, "ఆడపిల్ల అయితే అండీ?" అని అడిగాడు నా వంక చూసి. మిల్లాయన, "ఆడపిల్లలకి కూడా హాస్టలుందంట గదయ్యా పేటలో. నేను మాట ఫస్టుకిచ్చా, మగకీ ఆడకీ కాదు" అన్నాడు. ఆ మాట నేను చెవులారా విన్నా. ఆ నెలా నెలన్నర నేను నడవలా రేష్మా, గాల్లో ఉన్నా. పేటలో బడికి గడియారం ఉంటదంట, పిల్లలకి ఒక్కొక్కరికి ఒక పెట్టె ఉంటదంట తాళంతో. నాకు చదువుకంటే ఆ తాళం మీదే యావ. నాదనేది ఒకటి తాళమేసి పెట్టుకోటం. అమ్మ కుట్టగా మిగిలిన పరుపు గుడ్డతో నాకొక సంచి కుట్టుకున్నా కూడా, బట్టలు పెట్టుకోను.

లెక్కల పరీక్ష పొద్దున జేజి నన్ను పిలిచి తన మంచం మీద కూర్చోబెట్టుకుంది. ఎప్పుడూ లేంది తన చేత్తో పెరుగన్నం కలిపి పెట్టింది, అందరికంటే ముందు. అన్న ఇంకా నీళ్ళు పోసుకుంటన్నాడు. నాకు ఆ పెరుగన్నం గొంతులో దిగతంటేనే ఏదో కీడు తోచింది.

"సైదమ్మా, నువ్వు తెలివిగలదానివే" అంది. "తెలివిగల పిల్ల ఇల్లు నిలబెట్టిద్ది. నువ్వు పేట పోయి చదివినా రేపు ఇంకోళ్ళింటికి పోయేదానివే గదా. వాడు పోతే మన కొంపకి వస్తది ఆ చదువు. ఆడపిల్ల పేటలో చదవతంది, మగపిల్లాడు వీధుల్లో దూదేకతన్నాడు అంటే మీ నాయన మొహం ఎట్టా ఎత్తుకుంటాడే?"

నేను మంచం నులక గిల్లుతా కూర్చున్నా.

"రెండు లెక్కలు. అంతే. రెండు లెక్కలు వదిలెయ్. అన్నీ వదలమన్నానా? సెకండు నిలబడు, దానికేం తక్కువ? గ్లాసు కూడా ఇస్తారు."

"జేజీ, నాకు వచ్చినయి ఎట్టా వదలాల?"

"కూర ఉప్పు చాల్లేదని తెలిసీ తింటన్నావు గదే మీ నాయన ముందు నోరెత్తకుండా. అట్టానే" అంది. అని నా చెయ్యి లాగి తన నెత్తిన పెట్టుకుంది. "నా మీద ఒట్టు. తప్పావా, వచ్చే పీర్ల పండగ నేను చూడను." పదమూడేళ్ళదాన్ని. ఆ ముసలిదాని తల వెంట్రుకలు వేళ్ళకి తగుల్తంటే చెయ్యి ఎట్టా వెనక్కి తీసుకుంటా? వంటింటి గడపలో అమ్మ నిలబడుంది. అంతా విన్నది. నేను ఆమె వంక చూశా. ఆమె కళ్ళు దించుకుని, అన్నకి కంచం కడిగి తేవటానికి దొడ్లోకి పోయింది. జేజిని నేను ఎప్పుడో వదిలేశా, ముసల్ది, దాని లోకం దానిది. ఆ కళ్ళు దించుకున్న అమ్మని మాత్రం ఇప్పటికీ వదల్లేకపోతన్నా.

పరీక్షలో నా వెనకాలే అన్న. పేపరు చూస్తే అన్నీ వచ్చినయ్యే. నేను వదిలెయ్యలేకపోయా. చెయ్యి ఆగలా, చేసేశా. ఆఖరి రెండు లెక్కలు ఎక్కడా తప్పు లేకుండా చేసి, జవాబు కింద గీత కూడా గీశా. గంట కొట్టబోయే ముందు జేజి తల గుర్తొచ్చింది. కలం అడ్డంగా పట్టుకుని ఆ రెండూ ఈ మూల నుంచి ఆ మూలకి కొట్టేశా. కాయితం కొంచెం చిరిగింది గూడా.

ఆ పేపర్లు దిద్దేది పెద్ద మాస్టారే. మూడోరోజు నన్ను ఆఫీసు గదిలోకి పిలిచి పేపరు ముందు పెట్టాడు. "ఏమ్మా, ఈ రెండూ కరెక్టే గదా. ఎందుకు కొట్టేశావు?" అన్నాడు. నేను బొటనవేలితో నేల గీస్తా నిలబడ్డా. ఆయన కిటికీ వైపు చూశాడు. కిటికీలోంచి మా ఇంటి వసారా కనపడిద్ది అక్కణ్ణించి, నారి మోత కూడా వినపడతంది. ఆయనకి అంతా అర్థమయింది, నాకు తెలుసు అర్థమయిందని. అద్దాలు తీసి తుడుచుకుని, "కొట్టేసినదానికి మార్కులు వెయ్యకూడదమ్మా, రూలు" అన్నాడు. పిల్లలు ఏడు అనే అంకె సరిగా రాయకపోతే దగ్గరుండి దిద్దిచ్చే మనిషి. బర్రెకి తప్పు ఇంగ్లీషు చెప్పినందుకు వీపు పగలగొట్టిన మనిషి. ఆయన ఆ ఒక్క రోజు ఒక్క మాట, 'వెయ్యను గానీ, మీ జేజితో నేను మాట్లాడతా' అంటే చాలు. అనలా. పేపరు మడిచి కట్టలో పెట్టుకున్నాడు.

మస్తాన్ వలీ స్టుడ్ ఫస్ట్. సైదమ్మ స్టుడ్ సెకండ్. నాలుగు మార్కులు తేడా. మొదటి గుండ్రంలో నిలబడి అన్న వెనక్కి తిరిగి నన్ను చూశాడు, నవ్వలా ఈసారి. మిల్లాయన ఆ నెల్లోనే వాణ్ణి తనతో పేట తీసకపోయాడు. నేను కుట్టుకున్న సంచి వాడికిచ్చారు. బస్సెక్కేముందు వాడు నాయన విల్లు పట్టుకుని ఊరికే రెండుసార్లు మీటి వెళ్ళాడు. జేజి దారి పొడుగునా అందరికీ చెప్పుకుంటా వచ్చింది, 'మా వాడు స్టుడ్ ఫస్టు' అని. ఆ మాటే వాడి ఇంటిపేరయి కూర్చుంది. మా జేజి వచ్చే పీర్ల పండగే కాదు, ఇంకా తొమ్మిది పండగలు చూసింది.

వాడు పేటలో రెండేళ్ళు కూడా నిలవలా. ఎనిమిది తప్పాడు, రెండోసారీ తప్పేట్టున్నాడు, ఒకరోజు ఎవరికీ చెప్పకుండా నడిచి ఇంటికొచ్చాడు. కాళ్ళు బొబ్బలు. నాయన ఒక్క మాట అనలా, జేజి రెండు రోజులు అన్నం తినలా. అప్పటికి నేను అమ్మ పక్కన కూర్చుని పరుపులు కుడతన్నా, వేళ్ళ చివర్లు సూదితో గట్టిపడిపొయ్యాయి. నన్ను పంపుదామని ఎవరికీ తోచలా. మాట ఫస్టుకి ఇచ్చారు, ఫస్టు తిరిగొచ్చింది, లెక్క తీరిపోయింది. పదహారో ఏట నన్ను పేట ఇచ్చారు, మీ తాతకి. ఏ పేట నేను గాల్లో తేలతా కలగన్నానో అదే పేట. పెళ్ళయిన కొత్తల్లో మార్కెట్టుకి పోతా ఆ హైస్కూలు గోడ పక్కనుంచే నడిచేదాన్ని. గడియారం నిజంగానే ఉంది. తిరగట్లా.

అన్న తర్వాత మాచర్ల పోయి పరుపుల కొట్టు పెట్టాడు, ఏకే మిషను తెచ్చాడు. బాగానే బతికాడు. కానీ ఏ పెళ్ళికి పోయినా, ఏ చావుకి పోయినా ఎవరో ఒకరు, "ఈయనే, స్టుడ్ ఫస్టు మస్తాను" అని చెప్పటం, వాడు తల వంచుకోటం. అందరూ అది వినయం అనుకునేవాళ్ళు. నేను పక్కనే చేతిలో విస్తరాకో నీళ్ళ జగ్గో పట్టుకుని నిలబడుండేదాన్ని. ఎప్పటికైనా వీడికి తెలియకపోద్దా, తెలిసిన రోజున నా చెయ్యి పట్టుకుని 'అమ్మా, నీది నేను తిన్నా' అనకపోతాడా అని ఒక ఆశ. ఆ ఒక్క మాట కోసం యాభై ఏళ్ళ పైన కాచుకు కూర్చున్నానంటే మీరు నవ్వుతారు. నవ్వండి.

మీరనుకుంటారు, అప్పటి రోజులు అట్టాంటియి, ఇప్పుడు మారిపోయినయి అని. మారినయి. ఇప్పుడు పేటలో ఏ సెంటరుకి పోయినా ర్యాంకుల ఫ్లెక్సీలే, వాటి నిండా ఆడపిల్లల ఫొటోలే. టీవీ పెడితే ఒకటి ఒకటి ఒకటి, రెండు రెండు రెండు అని అరుపులు. నేను కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో పిల్ల మొహం చూస్తా నిలబడతా, ఆటోవాళ్ళు "పక్కకి రా మామ్మా" అని తిట్టిందాకా. మా వీధి చివర పిల్లది ఒకటి రెండేళ్ళ కింద ఆ ఫ్లెక్సీలో ఉంది, కిరీటం పెట్టినట్టు తల మీద అంకె వేశారు. ఇప్పుడు పెళ్ళయి మా ఎదురింటికే వచ్చింది. మధ్యాన్నం మూడింటికి, అందరూ తిన్నాక, వంటింటి గట్టు కాడ నిలబడి తింటంది. కిటికీలోంచి కనపడిద్ది. నేను మంచిదాన్ని కూడా కాదు రేష్మా. మీ అమ్మ బడినుంచి వచ్చి సెకండొచ్చానమ్మా అంటే, బాగా చదివావు అని ఒక్కసారి అన్నానా? "ఫస్టెవరొచ్చారు?" అని అడిగేదాన్ని. ప్రతిసారీ అదే. కొన్నాళ్ళకి అది మార్కులు చెప్పటమే మానేసింది. మీ అమ్మనడుగు, చెప్పిద్ది.

ఇక ఆఖరు మాట. పోయిన రంజానుకి ముందు అన్నకి బాగాలేదని తెలిసి నేనొక్కదాన్నే బస్సెక్కి మాచర్ల పోయా. మంచంలో ఉన్నాడు, ఊపిరికి గస పడతన్నాడు. దూది పని చేసినవాళ్ళకి ఆఖరికి వచ్చేది ఆ దగ్గే. వాడి పెళ్ళాం టీ పెట్టను లోపలికి పోయాక, నన్ను దగ్గరికి రమ్మని చెయ్యి ఊపాడు.

"ఏమే సైదమ్మా, ఒకటడుగుతా, నిజం చెప్తావా?"

"అడుగన్నా."

"ఏడో తరగతి లెక్కల పరీక్షలో నా ముందు నీ పేపరు చిరిగిన చప్పుడయింది. తలెత్తి చూస్తే కొట్టేస్తన్నావు. రాక కొట్టేశావా, వచ్చి కొట్టేశావా?"

యాభై ఏళ్ళు. వీడికి తెలుసు. నేను వాడి చెయ్యి పట్టుకున్నా.

"వచ్చన్నా. రెండూ వచ్చు. చేసి కొట్టేశా. జేజి నెత్తిన చెయ్యి పెట్టిచ్చుకుంది."

వాడు కప్పు వంక తిరిగాడు. ఇప్పుడంటాడు, ఇప్పుడంటాడు అని నేను చూస్తన్నా. చెయ్యి లాక్కున్నాడు.

"నన్నడిగావటే నువ్వు?" అన్నాడు. "ఒక్క మాట, అన్నా నీకు పోవాలని ఉందా అని? నేను పోతానని ఎవరన్నారే? నాకు నాయనతో ఊళ్ళు తిరగాలని ఉండె. ఆ హాస్టల్లో రోజూ లేపి నిలబెట్టేవాళ్ళు, ఏరా, మీ ఊళ్ళో నువ్వే ఫస్టయితే మీ ఊరు ఎట్టాంటిదిరా అని. నేను ఫస్టు కాదని నాకు తెలుసు. ఎవరితో చెప్పుకోను? ఊరు ఊరంతా నేను చచ్చినా ఫస్టుగానే చావాలన్నట్టు..." దగ్గు తెర కమ్మింది. తగ్గాక మళ్ళీ నా వంక తిరిగాడు. "నువ్వు సరిగా రాసుంటే నువ్వూ బాగుపడేదానివి, నేనూ బాగుండేవాణ్ణి. ఇద్దరి బతుకూ నువ్వు కొట్టేశావే."

వాడన్నది తప్పు కాదు. అదే నాకు మండింది. జేజిని అనలా, మిల్లాయన్ని అనలా, తెలిసీ నోరు మూసుకున్న మాస్టార్ని అనలా, అమ్మని అనలా. పదమూడేళ్ళ నన్నన్నాడు. నేను లేచి సంచి తీసుకున్నా. వదిన గ్లాసుతో ఎదురొచ్చి, "అదేంది, టీ అన్నా తాగి పో సైదమ్మా" అంటంది. బస్సుకి టైమయిందని చెప్పి గడప దాటా. వెనకనుంచి వాడు పిలిచాడో దగ్గాడో నాకు తెలవదు. నేను ఆగలా.

ఆ తర్వాత పదకొండు రోజులు బతికాడు. మూడుసార్లు మా అన్న కొడుకు ఫోను చేశాడు. "అత్తా, నాయన నిన్నే అడుగుతన్నాడు, ఏదో చెప్పాలంట, ఒక్కసారి వచ్చి పో, కారు పంపిస్తా" అని. ఏం చెప్పాలనుకున్నాడో. మిగతా తిట్లు తిడతాడో, ఆ అనేసిన మాట వెనక్కి తీసుకుంటాడో, నేను కాచుకు కూర్చున్న ఆ మాట అంటాడో. ఇక ఎవరూ చెప్పలేరు. మోకాళ్ళు పట్టేసినయి, కారు కూడా ఎక్కలేనయ్యా, నెమ్మదిచ్చాక వస్తానని చెప్పా, మూడుసార్లూ.

నా మోకాళ్ళకి ఏమీ కాలా, రేష్మా. ఆ పదకొండు రోజులూ నేను పొద్దునా సాయంత్రం మేడ మెట్లెక్కి మిరపకాయలు ఎండబోసి, మళ్ళీ ఎత్తుకొచ్చుకున్నా.